హ్యాండ్‌బ్యాగ్‌లో ఆరు తూటాలు

మహిళల కోసమంటూ ప్రభుత్వ కర్మాగారాలే రివాల్వర్లు తయారు చేస్తున్నాయి. ఏది కొనాలన్నది చిన్న ప్రశ్నే. ఆపద వేళ అది అక్కరకొస్తుందా అన్నదే పెద్ద ప్రశ్న

నగల దుకాణంలో ఇచ్చేలాంటి మెరూన్ రంగు పెట్టె. మూత తీస్తే లోపల హారం ఉండదు, అరకిలో బరువున్న రివాల్వర్ ఉంటుంది. 2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ను మార్కెట్లోకి తెచ్చింది ఇలాగే. టైటానియం మిశ్రలోహంతో చేసిన ఒళ్లు, నునుపు తేల్చిన చెక్క పిడి, ఆరు తూటాలు పట్టే సిలిండర్. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగ్‌లో ఇట్టే ఇమిడిపోతుందని తయారీదారులు చెప్పుకున్నారు. అప్పట్లో ధర 1,22,360 రూపాయలు. ఆనాటి సగటు భారతీయుడి ఏడాది ఆదాయం కంటే అది ఎక్కువే.

పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీలో కదులుతున్న బస్సులో సామూహిక అత్యాచారానికి గురై, రెండు వారాల్లోపే సింగపూర్ ఆస్పత్రిలో కన్నుమూసిన విద్యార్థినిని దేశం ‘నిర్భయ’ అని పిలుచుకుంది. నిర్భీక్ అన్నా అదే అర్థం. ఆ దారుణం జరిగాక జస్టిస్ వర్మ కమిటీ వేశారు, 2013లో చట్టాన్ని సవరించారు. ఆ తర్వాతి ఏడాదే ప్రభుత్వ రంగంలోంచి ఈ రివాల్వర్ వచ్చింది. మణిపూర్‌లో తుపాకుల వల్ల భర్తలను, బిడ్డలను పోగొట్టుకున్న మహిళల కోసం సంస్థను నడుపుతున్న బీనాలక్ష్మీ నేప్రమ్ దీన్ని అప్పట్లోనే తూర్పారబట్టారు. ఆడవాళ్లకు భద్రత కల్పించాల్సిన ప్రభుత్వం ఆ పనిని వాళ్ల చేతికే అప్పగించి తప్పుకుంటోందన్నది ఆమె ఆక్షేపణ. అయినా ఆ ఆలోచన అక్కడితో ఆగలేదు.

అంగట్లో ఉన్నవి

నిర్భీక్ తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి ‘నిడర్’ వచ్చింది. బరువు పావుకిలో మాత్రమే. తూటా .22 బోరు. ఆయుధ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబర్ 1న రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీశాక, కాన్పూర్ కర్మాగారాలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. ఈ సంస్థ 2023 ఆగస్టులో ‘ప్రబల్’ను విడుదల చేసింది. 76 మిల్లీమీటర్ల గొట్టం, 700 గ్రాముల బరువు, .32 బోరు. పాత రకాల్లో తూటాలు నింపాలంటే రివాల్వర్‌ను నడుం దగ్గర మడిచినట్టు తెరవాలి. ప్రబల్ సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కడం తేలిక కాబట్టి ఆడవాళ్లకూ అనువుగా ఉంటుందని కంపెనీ ప్రచారం చేసింది. వీటికి తోడు .32 బోరు ‘అశని’ పిస్టల్ కూడా ప్రభుత్వ తయారీయే.

మన దేశంలో ఎంపిక ఇంతకు మించి సాగకపోవడానికి కారణం చట్టం. సైన్యం, పోలీసులు వాడే 9 మి.మీ. వంటి బోర్లు సామాన్యులకు నిషిద్ధం. సామాన్య లైసెన్సుదారు విదేశీ తుపాకీని దిగుమతి చేసుకునే వీలు 1980లలోనే మూసుకుపోయింది. దాంతో తాతల నాటి వెబ్లీలు, వాల్తర్లు చేతులు మారేటప్పుడు వాటి అసలు విలువకు ఎన్నో రెట్లు పలుకుతాయి. మిగిలేది .32, .22 బోర్లలో స్వదేశీ సరుకే.

వీటిలో ఏది మేలన్నది బరువును బట్టి తేలిపోయే విషయంగా కనిపిస్తుంది. నిజానికి లెక్క తిరగబడుతుంది. ఒకే తూటాను తేలికపాటి తుపాకీ నుంచి పేలిస్తే చేతికి తగిలే వెనుదెబ్బ ఎక్కువ, బరువైన దానితో తక్కువ. సంచీలో మోయడానికి సుఖంగా ఉండేది కాల్చడానికి అంత సుఖంగా ఉండదు. అరకిలో నిర్భీక్ కంటే 700 గ్రాముల ప్రబల్‌తో గురి నిలపడం సులువు కావచ్చు. కాకపోతే రోజూ భుజాన మోయాల్సిన బరువు పెరుగుతుంది. నిడర్ విషయంలో ఇంకో చిక్కు. .22 తూటాకు వెనుదెబ్బ నామమాత్రం, కానీ మీదికి వచ్చేవాణ్ని నిలువరించే శక్తీ తక్కువే. ఆ రకం తూటాలు పేలకుండా మొరాయించడం కూడా మిగతా వాటికంటే ఎక్కువ. రివాల్వర్ కాబట్టి మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా ముందుకొస్తుంది. పిస్టల్ అయితే ఇరుక్కున్న తూటాను రెండు చేతులతో తీసేయాలి. పైగా పిస్టల్ స్లైడ్‌ను వెనక్కి లాగడానికి వేళ్లలో పట్టు కావాలి. కొత్తవాళ్లకు రివాల్వరే నయమని నిపుణులు చెప్పేది అందుకే.

కొనేముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. పిడి అరచేతిలో పూర్తిగా ఇమడాలి. చూపుడు వేలి మొదటి కణుపు, మణికట్టును వంచకుండానే, ట్రిగ్గర్ మీదికి చేరాలి. సుత్తిని ముందుగా వెనక్కి లాగకుండా నేరుగా నొక్కేటప్పుడు ట్రిగ్గర్ బిగువుగా, పొడవుగా కదులుతుంది. ఆ బిగువుకు గురి పక్కకు జరగకుండా ఉండాలి. ప్రబల్ 50 మీటర్ల దాకా పనిచేస్తుందన్నది ఘనంగా చెప్పుకున్న గుణం. ఆత్మరక్షణకు దానితో పని లేదు. దాడి జరిగేది చేయి చాచినంత దూరంలో. 50 మీటర్ల అవతల ఉన్న మనిషిని కాల్చి ఆత్మరక్షణ అని న్యాయస్థానాన్ని ఒప్పించడం ఎవరి తరమూ కాదు.

సంచీలో ప్రమాదం

తుపాకీ తయారీదారులు ఆడవాళ్లను ప్రత్యేక మార్కెట్‌గా చూడటం అమెరికాలో పాత వ్యవహారమే. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1989లోనే ‘లేడీస్మిత్’ పేరుతో రివాల్వర్లను తెచ్చింది. ఇప్పుడక్కడ తుపాకీ కోసం విడిగా అర కుట్టిన హ్యాండ్‌బ్యాగులు కూడా అమ్ముతారు. అవి ఎంత భద్రమో 2014 డిసెంబర్ 30న ఇడాహో రాష్ట్రంలో తెలిసింది. ఓ సూపర్ మార్కెట్లో షాపింగ్ చేస్తున్న తల్లి సంచీలోంచి రెండేళ్ల పిల్లవాడు పిస్టల్ తీసి పేల్చాడు. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆ సంచీ తుపాకీ కోసమే తయారైనది. తుపాకీ ఉంచిన అరకు జిప్ కూడా ఉంది.

చీర, సల్వార్ కమీజ్‌లకు నడుం బెల్టు ఉండదు. అందుకే మన దగ్గర తుపాకీ అంటే సంచీ అనే అనుకుంటారు. ఆ సంచీలో తాళాలు, ఫోను, దువ్వెన, చిల్లర అన్నీ ఉంటాయి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర లేకపోతే వాటిలో ఏదైనా దానికి తగులుకోవచ్చు. తీయబోతే సుత్తి కొస సంచీ గుడ్డకు పట్టుకోవచ్చు. దాడి జరిగేటప్పుడు మొదట లాక్కునేది సంచీనే. అప్పుడు ఆయుధం దుండగుడి చేతికి పోతుంది, పోయిన తుపాకీకి జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం లైసెన్సుదారే. 2016 నాటి ఆయుధ నిబంధనలు తుపాకీని బహిరంగ ప్రదేశాల్లో ఒరలోనో సంచీలోనో పూర్తిగా కప్పి ఉంచాలని, అది ఎప్పుడూ మనిషి అదుపులో ఉండాలని చెబుతున్నాయి. బల్ల మీద పెట్టి మరచిపోయిన సంచీ ఆ షరతుకు నిలవదు.

కాగితాల దారి

ఇవన్నీ లైసెన్సు చేతికొచ్చాకే. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం మన దేశంలో తుపాకీ హక్కు కాదు, అనుమతి. పొడవాటి గొట్టం ఉన్న మామూలు తుపాకీని ఆత్మరక్షణకో పంట కాపలాకో అడిగితే చట్టం కొంత ఉదారంగా ఉంటుంది. రివాల్వర్, పిస్టల్ విషయంలో మాత్రం అడిగే కారణం సబబైనదేనని అధికారికి నమ్మకం కుదరాలి. పోలీసు కమిషనరేట్లున్న నగరాల్లో కమిషనర్, మిగతా చోట్ల జిల్లా కలెక్టర్ ఆ నిర్ణయం తీసుకుంటారు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. ఠాణా నుంచి విచారణ నివేదిక, శారీరక మానసిక ఆరోగ్యంపై వైద్యుడి ధ్రువపత్రం, తుపాకీ భద్రతలో శిక్షణ, ఇంట్లో తాళం వేసి దాచే ఏర్పాటు కావాలి. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

బెదిరింపులున్నాయని రుజువు చూపాలన్నది ఆచరణలో అసలు అడ్డంకి. బంగారం వ్యాపారి నగదు లెక్కలు చూపగలడు. గుత్తేదారు తనకొచ్చిన బెదిరింపు లేఖ చూపగలడు. రాత్రి షిఫ్టు ముగించి ఇంటికి వెళ్లే ఉద్యోగిని దగ్గర ఉండేది భయం ఒక్కటే. తనను వెంటాడుతున్నవాడి మీద ఫిర్యాదు చేసి ఉంటే అది ఠాణాలో కాగితంగా ఉండాలి. ఆ ఫిర్యాదును పట్టించుకోని ఠాణాయే లైసెన్సు విచారణ కూడా చేస్తుంది.

దేశంలో తుపాకీ చరిత్ర కూడా ఆడవాళ్లకు అనుకూలంగా లేదు. 2016 డిసెంబర్ చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులుంటే, అందులో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోవే. చంబల్ ప్రాంతంలో భుజాన తుపాకీ మగవాడి హోదాకు గుర్తు. ఎంతగా అంటే 2008లో మధ్యప్రదేశ్‌లోని శివపురి జిల్లా యంత్రాంగం వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లకు లైసెన్సు త్వరగా ఇస్తామని ఆశ చూపింది. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్పులు ఎంత ముదిరాయంటే, 2019 సవరణలో దానికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టాల్సి వచ్చింది. లైసెన్సు లేని ఆయుధాల సంగతి సరేసరి. భారతదేశంలో పౌరుల చేతుల్లో ఉన్న తుపాకులు 7.11 కోట్లని, వాటిలో 6.14 కోట్లు నమోదు కానివని జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2017కు అంచనా కట్టింది. లక్షా ఇరవై రెండు వేలు పోసి కొన్న రివాల్వర్‌కు ఎదురుపడేది కొన్ని వేలకు దొరికే నాటు తుపాకీ కావచ్చు.

వెంట రాని ఆయుధం

లైసెన్సు వచ్చిందనుకుందాం. ఉదయం ఇల్లు వదిలిన ఉద్యోగిని మెట్రో ఎక్కాలి. స్టేషన్ తనిఖీలో తుపాకీకి అనుమతి లేదు. కాలేజీలో పాఠం చెప్పేవారైతే విద్యాసంస్థ ప్రాంగణంలోకి తీసుకుపోకూడదు. న్యాయస్థానంలో, మాల్‌లో, సినిమా హాల్లో, చాలా ఆఫీసుల గేటు దగ్గర అదే పరిస్థితి. విమానంలో చేతి సంచీలో పెట్టుకునే వీల్లేదు. లైసెన్సు ఏ పరిధిలో చెల్లుతుందో అది దాటితే మరో అనుమతి కావాలి. ఎన్నికల ప్రకటన రాగానే చాలామంది లైసెన్సుదారులు ఆయుధాన్ని ఠాణాలో జమ చేయాల్సి వస్తుంది. సొంత కారులో తిరిగే సంపన్నురాలికి ఈ ఇబ్బందులు తక్కువ. బస్సులో, లోకల్ రైల్లో నిలబడి ప్రయాణించేవాళ్లకు తుపాకీ ఇంట్లో పెట్టెకే పరిమితం.

అదృష్టవశాత్తూ చట్టం ఒక విషయంలో స్పష్టంగా ఉంది. అత్యాచారం, అపహరణ, ప్రాణహాని ఉద్దేశంతో జరిగే దాడిని అడ్డుకునేటప్పుడు దుండగుడి ప్రాణం పోయినా అది నేరం కాదని శిక్షాస్మృతి 100వ సెక్షన్ మొదటినుంచీ చెబుతోంది. 2013 సవరణ యాసిడ్ దాడిని ఈ జాబితాలో చేర్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇదే 38వ సెక్షన్. హద్దు కూడా ఉంది. అవసరమైనంత మేరకే బలప్రయోగం చేయాలి, ప్రమాదం తప్పాక చేయకూడదు. పారిపోతున్నవాడి వీపులో దిగిన తూటాకు ఈ సెక్షన్ రక్షణ దొరకడం కష్టం. ఆ తేడాను చీకట్లో, వణికే చేతులతో, ఒకటి రెండు క్షణాల్లో తేల్చుకోవాల్సింది ఆమే.

అందుకు కావాల్సింది అభ్యాసం. అది డబ్బు కంటే అరుదైన సరుకు. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. కాల్పుల రేంజ్‌లు పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. ఆడవాళ్ల చేతికి గురి కుదరదనడం మాత్రం ఒట్టి మాట. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణంతో సహా నాలుగు పతకాలు తెచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని బాగ్‌పత్ జిల్లా జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్ అరవయ్యేళ్లు దాటాక పిస్టల్ పట్టి ‘షూటర్ దాదీ’గా పేరు తెచ్చుకున్నారు. వాళ్ల వెనుక ఏళ్ల తరబడి శిక్షణ, శిక్షకులు, రేంజ్ ఉన్నాయి. మెరూన్ పెట్టెలో అవేవీ రావు.

శత్రువు ఎవరు?

అసలు చిక్కు ఇక్కడుంది. చీకటి సందులో ఎదురయ్యే అపరిచితుణ్ని ఊహించుకుని తుపాకీ కొంటారు. లెక్కలు వేరే చెబుతున్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2021లో దేశంలో 31,677 అత్యాచారం కేసులు నమోదైతే, 30,571 కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. వందకు 96కు పైగా అన్నమాట. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పై అధికారి, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. అదే ఏడాది మహిళలపై నమోదైన 4,28,278 నేరాల్లో దాదాపు మూడో వంతు భర్త, అతని బంధువుల క్రూరత్వం కిందివి. ఠాణా దాకా రానివి ఇంకెన్నో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు దేశం మొత్తం మీద 29 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో దాదాపు 37.

అలాంటి ఇంట్లోకి తుపాకీ వస్తే అది ఎవరి చేతికి అందుతుంది? తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హింసించే భాగస్వామికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ముప్పు అయిదు రెట్లకు పెరుగుతుంది. ఫిలడెల్ఫియాలో చేసిన మరో అధ్యయనం 2009లో వెలువడింది. దాడి సమయంలో తుపాకీ దగ్గరున్నవాళ్లకు తూటా తగిలే అవకాశం లేనివాళ్ల కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువని అది తేల్చింది. అక్కడి పరిస్థితులు మనకు అచ్చంగా సరిపోవు. అయినా ఇంట్లో తగవు, ఇంట్లో తుపాకీ రెండూ ఉన్నచోట ఏం జరుగుతుందన్నది ఏ దేశంలోనైనా ఊహించదగిందే.

తుపాకీ ఎవరికీ పనికిరాదని దీని అర్థం కాదు. 2009 సెప్టెంబర్‌లో జమ్మూ కాశ్మీర్‌లోని రాజౌరీ జిల్లాలో ఇంట్లోకి చొరబడి తల్లిదండ్రులను కొడుతున్న ఉగ్రవాదిపై రుఖ్సానా కౌసర్ అనే యువతి గొడ్డలితో తిరగబడింది, అతని తుపాకీతోనే అతణ్ని కాల్చి చంపింది. ప్రభుత్వం కీర్తిచక్ర ఇచ్చి గౌరవించింది. ఊరికి దూరంగా, పోలీసులు గంటల తర్వాత గాని రాలేని చోట బతికేవాళ్ల అవసరం వేరు. అస్సాం మంత్రివర్గం 2025 మేలో, సరిహద్దు జిల్లాల్లోనూ ముప్పు ఉన్న ఇతర ప్రాంతాల్లోనూ ఉండే మూలవాసులకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలని నిర్ణయించింది. పోలీసు వ్యవస్థ చేరని చోటికి తుపాకీని పంపడమే పరిష్కారమా అన్న విమర్శ అక్కడా వచ్చింది.

తెలుగు నేల మీద ఈ చర్చ 2019 నవంబర్‌లో రగిలింది. హైదరాబాద్ శివారు శంషాబాద్‌లో టోల్‌ప్లాజా దగ్గర స్కూటర్ నిలిపిన యువ పశువైద్యురాలిని నలుగురు అపహరించి, అత్యాచారం చేసి, చంపి, తగలబెట్టారు. ఆ రాత్రి ఆమె కుటుంబం ఫిర్యాదు చేయడానికి వెళ్తే ఇది తమ పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ వెంటనే హైదరాబాద్ మెట్రో మహిళలు పెప్పర్ స్ప్రే వెంట తెచ్చుకోవడానికి అనుమతించింది. దానికి లైసెన్సు అక్కర్లేదు, ధర వందల్లోనే. గురి తప్పినా దారినపోయేవాడి ప్రాణం పోదు. దాన్నీ ఇష్టం వచ్చినట్టు వాడితే కుదరదు. ప్రాణాపాయం లేని గొడవలో పెప్పర్ స్ప్రే కొట్టిన కేసును కొట్టేయడానికి 2024లో కర్ణాటక హైకోర్టు నిరాకరించింది, దాన్ని ప్రమాదకర ఆయుధంగానే లెక్కించింది.

ఇంతా తెలిశాక కూడా రివాల్వరే కావాలనుకునే మహిళకు అది ఆమె నిర్ణయం. దరఖాస్తు పెట్టకముందే రేంజ్‌కు వెళ్లి రెండు మూడు రకాలు కాల్చి చూడటం, చేతికి పట్టుబడిన బరువును ఎంచుకోవడం, ట్రిగ్గర్ కప్పే ఒర కొనడం, పెట్టె తాళం చెవి తన దగ్గరే ఉంచుకోవడం, నెలకోసారైనా సాధన చేయడం ఆమె చేతిలో ఉన్న పనులు. ఫిర్యాదు చేయడానికి వెళ్లినప్పుడు పరిధి పేరుతో తిప్పకుండా ఠాణాలో నమోదు చేసుకోవడం, 112కు ఫోన్ చేస్తే జీపు రావడం, రాత్రి పదింటికి బస్టాప్‌లో దీపం వెలగడం ఆమె చేతిలో లేనివి. వాటికి ఆమె ధర ఏనాడో పన్నుల రూపంలో కట్టేసింది. వాటికి బదులుగా 1,22,360 రూపాయల రివాల్వర్‌ను చూపించడం ప్రభుత్వానికి చవక బేరమే. ఆమెకు మాత్రం కాదు.